ఖాళీ ఇంటి కబురు

శ్రీశైల క్షేత్రమునకు తూర్పు ద్వారమని పేరొందిన త్రిపురాంతకము ఒకప్పుడు బాటసారులకు నీడనిచ్చిన గ్రామము. కుమారగిరి మీది త్రిపురాంతకేశ్వరుని దర్శించి, దిగువనున్న బాలా త్రిపురసుందరిని సేవించి, నల్లమల అడవిలో అడుగిడబోవు యాత్రికుడు ఇచ్చట ఆగి, అలసట తీర్చుకొని పోయెడివాడు. కాకతీయుల నాటి శాసనములు ఆ కొండమీద పెక్కు కలవు. నేడు ఆ త్రోవ తిరుగబడినది. నీడ వెదకికొనుచు బయలుదేరుచున్నవారు ఆ ఊరి బిడ్డలే. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము, దోర్నాల ప్రాంతములన్నింటి కథయు ఇదియే. వానను నమ్ముకొన్న చేలు, అడుగంటిన బోర్లు, ఫ్లోరైడు నీరు, వెలిగొండ నీటికై ఏండ్ల తరబడి ఎదురుచూపు: ఇవి ఎవరును వివరింప నక్కరలేని కారణములు. చదువునకు గుంటూరు, విజయవాడ. కొలువునకు హైదరాబాదు, బెంగుళూరు. కూలికి ఎక్కడ కట్టడములు లేచుచున్న అక్కడ. మాచర్ల, నాగార్జునసాగరము దాటి తెల్లవారుజామున ఎల్.బి. నగరులో బస్సు దిగిన యువకునికి తక్షణము కావలసినది పని కాదు, పుస్తకము కాదు. పెట్టె దించుకొనుటకు ఒక గది.

అచ్చట అతనికి తొలుత ఎదురగు మనుష్యుడు ఇంటి యజమాని కాడు, దళారి.

నెలకు 12,000 రూపాయల అద్దెగల చిన్న ఇల్లు దొరకినదనుకొందము. రెండు నెలల అడ్వాన్సు 24,000, మొదటి నెల అద్దె 12,000, దళారికి ఒక నెల అద్దె 12,000. తాళపుచెవి చేతికి వచ్చుటకు ముందే 48,000 రూపాయలు కావలెను. మెట్టచేనిలో కంది పండించు తండ్రికి ఇది ఎంత మొత్తమో చెప్పనవసరము లేదు. అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేయునాడు, రంగుల ఖర్చు పేర కొంత తరిగినను, తిరిగి వచ్చును. అద్దె నివాసమునకు చెల్లినది. దళారికిచ్చిన 12,000 మాత్రము ఒక పూట తిరుగుటకు, రెండు ఫోను పిలుపులకు చెల్లినది. హైదరాబాదులో కొన్నిచోట్ల సగము నెల అద్దెతో తృప్తిపడు దళారులు లేకపోలేదు. బెంగుళూరులో నెల అద్దె సామాన్యము. పైగా పది నెలల అద్దెను అడ్వాన్సుగా కోరు ఆచారము ఆ నగరమున చిరకాలము సాగినది. పదునొకండు నెలల ఒడంబడిక ముగిసి, యజమాని అద్దె పెంచి, ఇల్లు మారవలసి వచ్చినచో ఈ లెక్క అంతయు మొదటినుండి మరల ప్రారంభమగును. ఒకచోట కుదురుకొన్న కుటుంబము వలన దళారికి రాబడి లేదు. ఏటేట మూటలు కట్టుకొను కుటుంబమే అతనికి పంట. తన రాబడి అంతయు ఇతరుల అస్థిరత్వముపై ఆధారపడిన వృత్తిని సమాజము కొంత జాగ్రత్తగా చూడవలసియున్నది.

దళారి మన ప్రాంతమునకు క్రొత్తవాడు కాడు. ఎడ్ల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చువాడు అతడే. మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డునకు చేరినపుడు అమ్మించి పెట్టువాడును అతడే. ఈ రుసుమునకు తెలుగులో 'తరగు' అను చక్కని పాత మాట కలదు, పుచ్చుకొనువాడు 'తరగరి'. ఇచ్చువాని సొమ్ము తరిగి పోవుననియే ఆ పేరు పెట్టిరేమో యని రైతులు పరిహాసమాడుటకు వీలైన మాట. అయినను మార్కెట్టు యార్డులోని కమీషను వ్యాపారికి లైసెన్సు ఉండవలెను. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టము అతనిని ఒక కట్టుబాటులో నుంచినది. ఎడ్ల సంతలో ఎద్దు అందరి యెదుట నిలబడి యుండును. దాని పండ్లు పట్టి చూచుటకు కొనువానికి అడ్డు లేదు. ఇంటి దళారి విషయమున ఈ రెండును లేవు. స్థిరాస్తి వ్యాపార నియంత్రణకై 2016లో వచ్చిన రేరా చట్టము నమోదైన నిర్మాణములలో స్థలములు, ఇండ్లు అమ్మించు ఏజెంట్లకు నమోదు విధించినది గాని, పాత ఇంటిలో రెండు గదులు అద్దెకు ఇప్పించువాని జోలికి పోలేదు. ఇల్లో, అతడు చూపిననే కాని కనబడదు.

ఇచ్చట ఒక న్యాయమైన మాట చెప్పవలెను. దళారి యనగానే మోసగాడని తలచుట సరికాదు. జిరాక్సు దుకాణమో, టీ బడ్డీయో నడుపుకొనుచు పైరాబడికై తిరుగు సామాన్యుడు అతడు; పెక్కుసార్లు అతడును ఏదో ఊరినుండి ఇట్లే పెట్టె పట్టుకొని వచ్చినవాడే. పది ఇండ్లు చూపి ఒక్కటియు కుదరక వట్టిచేతులతో పోవు దినములు అతనికిని కలవు. శ్రమకు ప్రతిఫలము కోరుట దోషము కాదు. ఆ ప్రతిఫలమును ఎవరినుండి రాబట్టుచున్నాడనునదే ప్రశ్న. యజమాని పక్షమున అద్దెదారుని వెదకి, అద్దె తగ్గకుండ చూచి, ఆ పనికి కూలి అద్దెదారునినుండి తీసికొనుట వింతయైన ధర్మము. ఒకే వకీలు వాదికిని ప్రతివాదికిని వాదించి, ఓడినవానిచే ఫీజు కట్టించుకొన్నట్లున్నది.

అసలు దళారి అమ్మునదేమి? ఇల్లు అతనిది కాదు. అతని సరుకు రెండు రకములు. ఒకటి కబురు: ఏ వీధిలో ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ యగునో అతనికి తెలియును. రెండవది పూచీ: ఈ వచ్చినవాడు పెద్దమనిషియే, అద్దె ఎగవేయడు అని యజమానికి ఒక మాట చెప్పును. ఈ రెండును లేనివాడే అతని యొద్దకు పోవును. నగరములో పుట్టి పెరిగినవానికి మేనమామ వీధిలో ఖాళీ యైన ఇంటి కబురు భోజనము నొద్దనే తెలియును. త్రిపురాంతకము నుండి నిన్న రాత్రి బయలుదేరినవానికి చెప్పువారెవరు? కనుక దళారి రుసుము పైకి శ్రమఫలముగా కనబడినను, లోపల అది పరిచయము లేనివాడు చెల్లించు పన్ను. కలిగినవానిపై పడదు, లేనివానిపై పడును.

కబురు సంగతి ముందు చూతము. ఇంటి ఖాళీ వార్త కేవలము యజమాని సొంత విషయము కాదని ఈ దేశమున ప్రభుత్వమే ఒకనాడు తలచినది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనముల అద్దె నియంత్రణ చట్టమున మూడవ సెక్షను తీసి చూచినచో, ఇల్లు ఖాళీ యైన పది దినములలో యజమాని ఆ సంగతిని నియమితుడైన అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెనను విధి కనబడును. ప్రభుత్వోద్యోగులకును, ప్రభుత్వ సంస్థలకును ఇండ్లు సమకూర్చుట దాని ఉద్దేశము. విద్యార్థిని గాని కూలివానిని గాని తలచుకొని వ్రాసినది కాదు. ఆచరణలో అది ఎంత నిలిచినదో ఇండ్లు వెదకినవారే సాక్షులు. అయినను అందులోని ఆలోచన గట్టిది. ఖాళీ ఇల్లు ఊరిలో ఒకచోట నమోదై, కావలసినవాడు పోయి చూచుకొనగలిగినచో, కబురు అమ్ముకొనువాని బేరము సగము పడిపోవును.

అధికారి చేయని ఆ పనిని నేడు గేటునకు వ్రేలాడు అట్టముక్క చేయుచున్నది. 'టు-లెట్' అని రెండు మాటలు, క్రింద ఒక ఫోను నంబరు. హైదరాబాదు నగరమున దిల్‌సుఖ్‌నగరు మొదలు కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీ వరకు వీధి వీధిన ఈ అట్టలు కనబడును. దళారికి కానీ ఇవ్వక ఇల్లు సంపాదించినవారిలో అధికులు కాళ్లనే నమ్ముకొన్నవారు. నెల చివరి వారమును, తరువాతి నెల మొదటి దినములును ఇందుకు తగిన కాలము. అద్దెకున్నవారు నెలాఖరునకు ఖాళీ చేయుదురు గనుక అట్టలు అప్పుడే లేచును. పనిచేయు చోటునకు నడకదూరములోనో, ఒక బస్సు దూరములోనో రెండు మూడు కాలనీలను ఎంచుకొని, ఉదయము ఎండ ముదురక ముందు ఒక్కొక్క వీధిని ఆమూలాగ్రము తిరుగవలెను. అట్ట లేని ఇంటి కబురు ఇస్త్రీ బండివానికి తెలియును, కిరాణా దుకాణదారునకు తెలియును, అపార్టుమెంటు వాచ్‌మనుకు అందరికంటె ముందు తెలియును. వీరిని అడుగుటకు సిగ్గుపడరాదు. పల్లెలో ఊరి చావడి నొద్ద అడిగినట్లే ఇదియు.

అట్ట మీది నంబరు యజమానిదే కానక్కరలేదు. ఖాళీ ఇంటి గేటునకు తన నంబరు గల అట్ట తానే కట్టిపోవు దళారులు కలరు. "ఇల్లు తమరిదేనా?" అని మొదటనే మర్యాదగా అడిగినచో తిప్పట తగ్గును. ఇల్లు కుదిరిన పిమ్మట విద్యుత్తు బిల్లు మీదనో, ఇంటిపన్ను రసీదు మీదనో ఉన్న పేరును, ఒడంబడికలోని పేరును సరిపోల్చుకొనుట అవిశ్వాసము కాదు, జాగ్రత్త.

ఫోనులలో ఇండ్లు చూపు వేదికలు వచ్చిన తరువాత ఈ నడక తప్పినదని కొందరు భావించుచున్నారు. బెంగుళూరున 2014లో ఆరంభమైన ఒక సంస్థ 'నోబ్రోకర్' అను పేరే పెట్టుకొన్నది. యజమానిని, అద్దెదారుని నేరుగా కలుపుట దాని సంకల్పము. అయితే త్వరగా, ఎక్కువమంది యజమానుల నంబర్లు కావలెనన్నచో అచ్చటను చందా కట్టవలసినదే. నెల అద్దెతో పోల్చిన అది చిన్న మొత్తమే. ఈ వేదికలలో మెలకువ వేరొకటి కావలెను. తాను సైనికోద్యోగినని, దూరప్రాంతమునకు బదిలీ యైనదని, ఇల్లు చూచుటకు ముందే కొంత సొమ్ము పంపినచో ఇతరులకు ఇవ్వక నిలిపి యుంచెదనని పలుకు వంచకులు ఎందరినో ముంచిరి. గుమ్మము త్రొక్కని ఇంటికి రూపాయి పంపరాదు.

ఇక పూచీ సంగతి. ఇది కబురు కంటె చిక్కైనది, చేదైనది. ఈ పడమటి ప్రాంతము 1970 వరకు కర్నూలు జిల్లాలోనిది. ఇచ్చటివాడు 'బాడుగ ఇల్లు' అనును. తెలంగాణమువాడు 'కిరాయి ఇల్లు' అనును. పత్రికలు 'అద్దె ఇల్లు' అని అచ్చొత్తును. ఏ మాట పలికినను యజమాని చెవికి వచ్చినవాని సీమ తెలిసిపోవును. తరువాతి ప్రశ్న ఊరు, దాని తరువాత ఇంటిపేరు, ఆ పిమ్మట, నసుగుచునో నిస్సంకోచముగనో, "మీరేమిట్లు?" కొన్ని అట్టలమీద 'శాకాహారులకు మాత్రమే' అనియు, 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు' అనియు ముందే వ్రాసి యుండును. రాజ్యాంగములోని పదునైదవ అధికరణము దుకాణములలో, హోటళ్లలో, బావుల నొద్ద, స్నానఘట్టములలో కులమును బట్టి అడ్డగింపరాదని శాసించినది. ప్రైవేటు ఇల్లు అద్దెకిచ్చువాని గుమ్మము ఆ జాబితాలో లేదు.

దళారి రుసుము తప్పించుకొను మార్గములని పెద్దలు చెప్పు వానిలో మొదటిది 'మనవాళ్ల ద్వారా' చూచుకొనుట. ఆ మాట సులభముగా దాటిపోదగినది కాదు. 'మనవాళ్లు' అనగా బంధువులు. బంధువులనగా, మన సంఘము ఉన్న తీరున, కులము. మునుపు చదువుకొను పిల్లలకు వారములు చేసికొని తినుట ఉండెడిది. తరువాత కులముల పేర వసతి గృహములు వెలసినవి. హైదరాబాదులో 1918లో ఆరంభమైన రెడ్డి హాస్టలు అట్టివానిలో ప్రసిద్ధము. తెలుగు పిల్లల విద్యకు అవి చేసిన మేలు చిన్నది కాదు. అయినను, నగరములో మేడ కట్టిన కులస్థుడు ఉన్నవానికి రుసుము లేకుండ ఇల్లు దొరకుటయు, అట్టివాడు లేని దళితుని బిడ్డకు, చేనేతవాని బిడ్డకు, పలకల గని కూలివాని బిడ్డకు దళారియే గతి యగుటయు ప్రత్యక్షముగా చూచుచున్న సంగతి. దళారి ఒక విధమున వీరికి ఉపకారియే: సొమ్ము ఇచ్చినచో అతడు కులము అడుగక ఇల్లు చూపును. యజమాని అడిగినపుడు మాత్రము నోరు మెదపడు. దళారిని తొలగించి ఆ స్థానమున 'మనవాళ్లను' నిలుపుటయే సంస్కరణ మైనచో, రుసుము తగ్గును. కాని గోడ ఎత్తు పెరుగును.

అన్య దేశములలో ఈ రుసుము విషయమున ఒక చిన్న సూత్రము ఇటీవల శాసనములకు ఎక్కినది. దళారిని ఎవరు నియమించిరో వారే కూలి ఇవ్వవలెను. జర్మనీ దేశము 2015 జూన్ 1 నుండి అద్దె ఇండ్లకు ఈ నియమమును అమలుపరచినది. ఇంగ్లండు 2019 జూన్ 1 నుండి, ఏజెంట్లు అద్దెదారుల నుండి రుసుములు రాబట్టుటను దాదాపు పూర్తిగ నిషేధించినది. న్యూయార్కు నగరమున ఏడాది అద్దెలో నూటికి పదునైదు వంతుల దాక దళారికి సమర్పించుకొను అలవాటు ఉండెడిది. 2025 జూన్ 11 నుండి అచ్చటను యజమాని నియమించిన దళారికి యజమానియే ఇచ్చుకొనవలెనని శాసనమైనది. ఆ ఖర్చును యజమానులు అద్దెలో కలిపివేయుదురని ఆక్షేపించువారు కలరు. కొంత కలుపుదురు గాక. అద్దెలో కలిసినది నెల నెల కొంచెము కొంచెముగా పడును. ఊరినుండి దిగిన దినముననే ఒక్కసారిగ మెడమీద కూర్చుండదు. పైగా ఇల్లు అద్దెకు పెట్టు యజమాని దళారితో బేరమాడగలడు. గది లేక సత్రములో పెట్టె దించినవాడు బేరమాడలేడు.

మన దేశమున కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాస గృహములకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, ఒడంబడిక వ్రాతమూలకముగ ఉండవలెననియు చెప్పినది. మంచిదే. అది నమూనా మాత్రమే. రాష్ట్రములు స్వీకరించిననే చట్టము. దళారి రుసుమును ఎవరు భరింపవలెనను ప్రశ్నకు అందులో సమాధానము లేదు. ఆ ఒక్క వాక్యము చేర్చుటకు శాసనసభలకు ఒక పూట పట్టదు.

చట్టము వచ్చువరకు జూన్ నెల ఆగదు. ఈ లోపల ఇల్లు వెదకబోవువారికి తెలియవలసిన సంగతులు మరి రెండు. పదునొకండు నెలల ఒడంబడిక యజమానుల చమత్కారము కాదు. ఏడాదికి మించిన లీజు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము తప్పక రిజిస్టరు కావలెను గనుక, ఆ ఖర్చును తప్పించుకొనుటకు ఒక నెల తగ్గించి వ్రాయుదురు. ఒడంబడిక లేకపోయినను నెలసరి అద్దెదారుని హఠాత్తుగా వెళ్లగొట్టుటకు వీలులేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము పదునైదు దినముల నోటీసు ఉండవలెనన్నది. అడ్వాన్సునకు రసీదు, ఖాళీ చేయునాడు ఎంత తగ్గింతురో ఒడంబడికలో ఒక పంక్తి, ఇంటిలోనికి చేరిన దినమున గోడల, కుళాయిల ఫోటోలు: ఇవి ఉన్నవానికి తగవు తక్కువ.

పూచీ విషయమున మాత్రము చేయదగిన పని ఊరిలోనే, బడిలోనే కలదు. పడమటి ప్రకాశము బడులనుండి, జూనియరు కళాశాలల నుండి నగరములకు చేరినవారు వేలమంది. ఎవరు ఎచ్చటనున్నారో కులసంఘముల పుస్తకములలో వ్రాసియున్నది గాని, చదువు చెప్పిన బడి పుస్తకములో లేదు. పూర్వ విద్యార్థులు ఏ నగరమున, ఏ పేటలో ఉన్నారో వారి సమ్మతితో వ్రాసికొన్న ఒక జాబితా ప్రతి ఉన్నత పాఠశాలలో ఉండినచో, వారు తమ వీధిలో ఖాళీ యైన ఇంటి సంగతి బడికి ఒక ముక్క తెలిపినచో, కబురును దొరకును, పూచీయును దొరకును. వ్రాతపలకలకు గిరాకి తగ్గినదని మార్కాపురము వాపోవుచున్న ఈ దినములలో, అట్టి ఖాళీలను వ్రాసి పెట్టుటకు బడి వరండాలో ఒక పెద్ద పలక చాలును.

దానితోపాటు ప్రధానోపాధ్యాయుని చేవ్రాలుతో ఒక ఉత్తరము. ఈ బాలుడు, లేక ఈ బాలిక, ఫలాని ఊరి నివాసి. ఇన్ని ఏండ్లు మా బడిలో చదివి మంచి నడవడితో మెలగినవాడు. తండ్రి వృత్తి ఇది. ఏదేని అవసరమైనచో బడికి ఈ నంబరున తెలియజేయునది. యజమాని దళారి నోట వినగోరు మాటలు ఇంతకు మించి లేవు. బడి ముద్ర గల కాగితము దళారి మాట కంటె బరువైనది. బదిలీ పత్రములో కులము గడి ఎట్లును ఉన్నది. ఈ ఉత్తరములో దానికి చోటు విడువ నక్కరలేదు. పరీక్షా ఫలితములు వెలువడిన వారమున పిల్లలు బదిలీ పత్రములకై ఎట్లును బడికి వత్తురు; రెండు కాగితములును ఒకేసారి చేతికి ఇచ్చుట సుకరము.